ఎక్స్‌ఎంఎల్ ఫైలు నుంచి తేజ మిర్చి లెక్క మాత్రమే తీయాలి, గ్రెప్‌కు ఏమీ దొరకడం లేదు

ఏనుమాముల_గుమాస్తా

అందరికీ నమస్కారం. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే) దుకాణంలో లెక్కలు రాస్తాను. మిర్చి సీజను కాబట్టి రైతుల అమ్మకం బిల్లులు, అంటే తక్‌పట్టీలు కుప్పలుగా పడుతున్నాయి. దుకాణంలో వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి నెల పట్టీలన్నీ ఒకే ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా (ప్రతి వివరం ట్యాగుల మధ్య ఉండే ఫైలు) దించాను. ఒక్క తేజ రకంలో ఏ ఖరీదుదారు ఎంత తూకం ఎత్తాడు, ఎంత కట్టాలి అని సేటు అడుగుతున్నారు. సాఫ్ట్‌వేర్‌లో ఆ రిపోర్టు లేదు. ఫైలు ఇలా ఉంటుంది:

<పట్టీ సంఖ్య="417">
  <ఊరు>నర్సంపేట</ఊరు>
  <సరుకు>
    <రకం>తేజ</రకం>
    <బస్తాలు>32</బస్తాలు>
    <తూకం> 12.640 క్వింటాళ్లు</తూకం>
    <మొత్తం>1,70,640.00</మొత్తం>
    <ఖరీదుదారు>ఖ-12</ఖరీదుదారు>
  </సరుకు>
  <సరుకు>
    <రకం>చపాటా</రకం>
    <బస్తాలు>9</బస్తాలు>
    <తూకం> 3.150 క్వింటాళ్లు</తూకం>
    <మొత్తం>88,200.00</మొత్తం>
    <ఖరీదుదారు>&#4; వర్తించదు</ఖరీదుదారు>
  </సరుకు>
</పట్టీ>

అసలు ఫైలులో ట్యాగుల పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి, చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగు చేశాను. రైతుల పేర్లు తీసేశాను, అంకెలు కూడా మార్చినవే.

విండోస్‌లోనే ఉబుంటు లినక్స్ వేసుకున్నాను. ఫైలులో మాట వెతికే గ్రెప్ కమాండు కొద్దిగా వచ్చు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తేజ కళ్లెదుటే ఉంది, గ్రెప్ మాత్రం ఒక్క వరుస కూడా చూపదు. ఫైలు పాడైందా?

కాజీపేట_జంక్షన్

పాడవలేదన్నా. ‘ఫైల్’ అనే కమాండు కొట్టి పక్కన ఫైలు పేరు ఇవ్వండి. యూటీఎఫ్-16 అని చెబుతుంది చూడండి. అక్షరాలను బైట్లుగా దాచే ఒక పద్ధతి అది. అందులో ఒక్కో అక్షరం రెండేసి బైట్లు. మీరు టెర్మినల్‌లో కొట్టే ‘తేజ’ యూటీఎఫ్-8, అంటే తెలుగు అక్షరానికి మూడు బైట్లు. గ్రెప్ బైట్లనే పోల్చుతుంది కాబట్టి ఆ రెండూ ఎప్పటికీ కలవవు.

ఐకాన్వ్ అనే కమాండుతో మార్చుకోండి: ‘నుంచి’ దగ్గర యూటీఎఫ్-16, ‘కు’ దగ్గర యూటీఎఫ్-8, ఫలితం కొత్త ఫైలులోకి. పాత ఫైలును ముట్టుకోకండి.

ఏనుమాముల_గుమాస్తా

యూటీఎఫ్-16 అనే వచ్చింది. మార్చాక గ్రెప్‌కు తేజ దొరికింది. ధన్యవాదాలు తమ్ముడూ. కానీ తేజ ఉన్న వరుస వస్తోంది, దాని కింద ఉన్న తూకం, మొత్తం రావడం లేదు.

మానేరు_ఒడ్డు

దొరికిన వరుస తర్వాత మరో మూడు వరుసలు కూడా చూపమని గ్రెప్‌కు చెప్పవచ్చు. పెద్ద ‘ఎ’ ఆప్షన్, పక్కన 3. అందులోంచి మళ్లీ ‘మొత్తం’ ఉన్న వరుసలు వడకట్టండి, రాతను మార్చే సెడ్ కమాండుతో ట్యాగులు కొట్టేయండి. పని అయిపోతుంది. దీనికి పెద్ద పెద్ద పరికరాలు అక్కర్లేదు.

భద్రకాళి_గట్టు

అయిపోతుంది, వచ్చే నెల దాకా. సాఫ్ట్‌వేర్ వాళ్లు అప్‌డేట్‌లో ‘రకం’ కంటే ముందు ‘మొత్తం’ పెడితే? ఫైలంతా ఒకే వరుసలో రాస్తే? ఎక్స్‌ఎంఎల్‌లో వరుస విరుపులకు పెద్దగా అర్థం లేదు, గ్రెప్‌కు వరుసే సర్వస్వం. గ్రెప్‌తో ఎక్స్‌ఎంఎల్ చదవడమంటే బస్తా విప్పకుండా పైపైన చూసి ధర కట్టడమే.

ఒక్క ఉదాహరణ చాలు. ఇది చూడండి:

<రకం>&#3108;&#3143;&#3100;</రకం>

ఇది కూడా తేజే. 3108 త, 3143 ఏత్వం, 3100 జ. కొన్ని ప్రోగ్రాములు తెలుగును ఇలా అంకెల్లో రాస్తాయి. ఎక్స్‌ఎంఎల్‌ను విప్పి చదివే ప్రోగ్రాముకు, అంటే పార్సర్‌కు, ఇదీ అదీ ఒకటే. గ్రెప్‌కు కాదు. అలాంటి పట్టీ ఒకటి ఉన్నా మీ మొత్తం తగ్గుతుంది, తగ్గిందని ఎవరూ చెప్పరు.

ఉబుంటులో లిబ్‌ఎక్స్‌ఎంఎల్2-యుటిల్స్ అనే ప్యాకేజీ వేసుకోండి. ఎక్స్‌ఎంఎల్‌లింట్ వస్తుంది. దాంతోపాటు ఎక్స్‌ఎంఎల్‌స్టార్‌లెట్ కూడా వేసుకోండి. ముందు ఎక్స్‌ఎంఎల్‌లింట్‌ను ‘నోఅవుట్’ ఆప్షన్‌తో నడపండి. ఫైలు సరిగా ఉంటే నోరు విప్పదు, తప్పుంటే వరుస సంఖ్యతో సహా చెబుతుంది.

మానేరు_ఒడ్డు

మా దగ్గర పదేళ్లుగా గ్రెప్‌తోనే నడుస్తోందండీ. ఒకసారి చూసుకునే పనికి గ్రెప్ చాలు అన్నాను, అంతకుమించి అనలేదు.

భద్రకాళి_గట్టు

వెతకడానికి చాలు, ఒప్పుకుంటాను. డబ్బు కూడడానికి చాలదు.

ఏనుమాముల_గుమాస్తా

ఎక్స్‌ఎంఎల్‌లింట్ నోరు విప్పింది మేడమ్. చెల్లని అక్షరం, విలువ 4 అంటూ వందల తప్పులు చూపించింది. అన్నీ ‘వర్తించదు’ అని ఉన్న చోట్లే.

కాజీపేట_జంక్షన్

అది నేను ముందే చూడాల్సింది, మీ నమూనాలోనే ఉంది. 1998లో వచ్చిన ఎక్స్‌ఎంఎల్ 1.0 నియమాల ప్రకారం 32కు కింద ఉన్న సంకేతాల్లో చెల్లేవి మూడే: 9, 10, 13. అంటే ట్యాబు, వరుస విరుపు, దాని జోడీ. మిగతావి నేరుగా రాసినా చెల్లవు, ఇలా అంకెల్లో రాసినా చెల్లవు. కాబట్టి మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది పేరుకే ఎక్స్‌ఎంఎల్.

సెడ్‌తో &#4; అనే నాలుగు గుర్తులను ఖాళీతో మార్చేయండి. రెండు జాగ్రత్తలు. యూటీఎఫ్-8 చేశాకే సెడ్ నడపాలి, ముందే నడిపితే సెడ్‌కూ గ్రెప్ గతే. రెండోది, &# తో మొదలయ్యేవన్నీ చెత్త అనుకుని ఒకేసారి ఊడ్చేయకండి. భద్రకాళి_గట్టు గారు చూపిన తేజ కూడా అలాగే మొదలవుతుంది.

ఏనుమాముల_గుమాస్తా

ఇప్పుడు మౌనంగా ఉంది. తర్వాత?

భద్రకాళి_గట్టు

ఇప్పుడు ఎక్స్‌పాత్. ఫైలులో మీకు కావలసిన చోటికి దారి చెప్పే భాష. దాని తొలి వెర్షన్ 1999 నాటిది, ఈ రెండు పరికరాలకూ అర్థమయ్యేది అదే. ‘తేజ మొత్తం’ అనగానే చాలామంది మొదట ఇలా రాస్తారు:

//పట్టీ[సరుకు/రకం='తేజ']/సరుకు/మొత్తం

చదవడానికి ముచ్చటగా ఉంటుంది, జవాబు తప్పు. చదరపు బ్రాకెట్టు పట్టీకి తగిలించారు కాబట్టి ‘లోపల ఎక్కడో తేజ ఉన్న పట్టీలు’ అని అర్థం. పట్టీ దొరికాక అందులోని సరుకులన్నీ వచ్చేస్తాయి. మీ 417లో తేజ 1,70,640, దాంతోపాటు చపాటా 88,200 కూడా వచ్చి 2,58,840 అవుతుంది. తేజ రేటు చపాటా రేటు కలిసిపోయాక ఏ సేటూ ఊరుకోడు. బ్రాకెట్టు సరుకుకు తగిలించాలి:

//పట్టీ/సరుకు[రకం='తేజ']/మొత్తం

ఎక్స్‌ఎంఎల్‌లింట్‌కు ‘ఎక్స్‌పాత్’ ఆప్షన్ ఇచ్చి పక్కన దీన్ని కోట్ మార్కుల మధ్య పెట్టండి. బయట జంట కోట్లు, లోపల ఒంటి కోట్లు. వాట్సాప్ నుంచి కాపీ చేస్తే కోట్లు వంకర తిరిగి వస్తాయి, వాటిని టెర్మినల్ గుర్తించదు. చేత్తోనే కొట్టండి.

లెక్కల_మాస్టారు_కరీంనగర్

దీనికి అన్నదమ్ముడు ఇంకొకటి ఉంది. ‘తేజ లేని పట్టీలు’ కావాలని [సరుకు/రకం!='తేజ'] అని రాస్తే 417 కూడా వస్తుంది. తేజ కాని సరుకు ఒక్కటున్నా ఆ షరతు నిజమే. తేజ అసలే లేనివి కావాలంటే సమానం గుర్తుతోనే రాసి, మొత్తం షరతును ‘నాట్’ ఫంక్షన్‌లో చుట్టాలి. ‘కొన్ని కావు’, ‘ఏవీ కావు’ ఒకటి కాదని పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పాను, యంత్రానికి మాత్రం చెప్పనక్కర్లేదు.

అలాగే //రకం[1] అంటే ఫైలులో మొదటి రకం కాదు, ప్రతి సరుకులోనూ మొదటి రకం. ఫైలంతటికీ ఒక్కటే కావాలంటే (//రకం)[1] అని కుండలీకరణాలు పెట్టాలి.

ఏనుమాముల_గుమాస్తా

మాస్టారూ, మేడమ్, ఇద్దరికీ నమస్కారం. మొత్తాలు వచ్చాయి, ట్యాగులతో సహా. కూడికకు ‘సమ్’ అనే ఫంక్షన్ ఉందని చదివి దాంట్లో పెట్టాను. జవాబు ‘నాన్’ అని వచ్చింది. ఇదేమిటి?

కాజీపేట_జంక్షన్

‘అంకె కాదు’ అని దాని భావం. 1,70,640.00లో కామాలున్నాయి కదా, ఎక్స్‌పాత్‌కు అది అంకె కాదు, ఉత్త రాత. కూడికలో ఒక్కటి అలాంటిది పడినా మొత్తం కూడిక నాన్ అయిపోతుంది.

నాన్ రావడం మీ అదృష్టం అనుకోండి. ఆ విలువలను అలాగే ఆక్‌కు (వరుసలను గడులుగా విడదీసి లెక్క చేసే కమాండు) ఇచ్చి ఉంటే, మొదటి కామా దాకా చదివి 1,70,640ను 1గా, 88,200ను 88గా తీసుకుని హాయిగా కూడి జవాబు ఇచ్చేది. హెచ్చరిక కూడా ఉండదు. తూకం దగ్గర తమాషాగా అటుదిటు అవుతుంది: ‘12.640 క్వింటాళ్లు’ ఎక్స్‌పాత్‌కు నాన్, ఆక్‌కు మాత్రం చక్కగా 12.64.

అందుకని కామాలు తీసేసి బయటికి పంపుదాం, కూడడం ఆక్ చూసుకుంటుంది. దీనికి ఎక్స్‌ఎంఎల్‌స్టార్‌లెట్ అనువు. ఆప్షన్లను పలికినట్టు రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు అక్షరాలతో కొట్టండి. ‘సెల్’ ఉపకమాండు, తర్వాత పెద్ద ‘టి’, తర్వాత చిన్న ‘టి’. ఆపైన ‘ఎమ్’ పక్కన ఎక్కడెక్కడ ఆగాలో:

//పట్టీ/సరుకు[రకం='తేజ']

ఆగిన ప్రతిచోటా ఏం రాయాలో ‘వి’ పక్కన: ఒకటి ఖరీదుదారు, ఇంకొకటి తూకం, మరొకటి ‘ట్రాన్స్‌లేట్’ ఫంక్షన్‌లో పెట్టిన మొత్తం. ట్రాన్స్‌లేట్‌కు రెండో విలువగా కామా, మూడో విలువగా ఖాళీ కోట్లు ఇస్తే కామాలు రాలిపోతాయి. మధ్యలో విడదీయడానికి ‘ఓ’ పక్కన నిలువు గీత, చివర కొత్త వరుసకు ‘ఎన్’. వచ్చేది ఇలా ఉంటుంది:

ఖ-12| 12.640 క్వింటాళ్లు|170640.00

ఇక ఆక్‌కు నిలువు గీత దగ్గర విడదీయమని చెప్పి, మొదటి గడి వారీగా రెండో గడి, మూడో గడి కూడమనండి.

పెద్ద ‘టి’ మరిచిపోవద్దు. అది లేకపోతే ఖరీదుదారు పేరులో & ఉన్న చోటల్లా &amp; అని వస్తుంది. మార్కెట్‌లో సగం బోర్డుల మీద ‘అండ్ సన్స్’ ఉంటుంది కదా.

జగిత్యాల_కుర్రోడు

ఇంత తతంగం ఎందుకు? ఎక్స్‌క్యూ ఉంది. ఎక్స్‌ఎంఎల్‌ను జేసన్ అనే మరో డేటా రూపంలోకి మార్చి, దాన్ని చదివే జేక్యూ అనే పరికరానికి ఇస్తుంది. ఈ రోజుల్లో ఎక్స్‌పాత్ ఎవరు నేర్చుకుంటారు?

భద్రకాళి_గట్టు

తమ్ముడూ, జేక్యూ నాకూ ఇష్టమే. ఈ ఫైలుకు మాత్రం ఒక గొయ్యి ఉంది. 417లో రెండు సరుకులున్నాయి కాబట్టి జేసన్‌లో ‘సరుకు’ జాబితాగా మారుతుంది. ఒకే రకం తెచ్చిన రైతు పట్టీలో అదే ‘సరుకు’ జాబితా కాకుండా విడి వస్తువుగా వస్తుంది. రెండు సరుకుల పట్టీ మీద సరిచూసుకున్న కమాండు ఒకే సరుకున్న పట్టీ దగ్గర బోల్తా కొడుతుంది. సరుకును ఎప్పుడూ జాబితాగానే ఉంచమని చెప్పే ‘ఎక్స్‌ఎంఎల్-ఫోర్స్-లిస్ట్’ ఆప్షన్ ఉంది, అది పెట్టి వాడితే ఇబ్బంది లేదు.

పుస్తకాల_పురుగు_హనుమకొండ

చర్చ మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. గ్రంథాలయంలో పని చేస్తాను. మా పుస్తకాల జాబితా గ్రంథాలయాలు వాడే మార్క్‌ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఉంది. 245 నంబరు గడిలోని పుస్తకం పేర్లు తీద్దామని పైన చెప్పినట్టే ఎక్స్‌పాత్ రాశాను. దారి నూటికి నూరు పాళ్లు సరిగ్గా ఉంది, ఫలితం మాత్రం ‘ఎక్స్‌పాత్ సెట్ ఖాళీ’. ఫైలులో తప్పు లేదని లింట్ అంటోంది.

భద్రకాళి_గట్టు

ఫైలు పైన మూల ట్యాగులో ‘ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్’ అని ఒక చిరునామా ఉంటుంది చూడండి, మార్క్ ఫైళ్లలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌ది. అది నేమ్‌స్పేస్. అది ఉందంటే లోపలి ట్యాగులన్నిటికీ కనిపించని ఇంటిపేరు ఉన్నట్టే. మీరు ఇంటిపేరు లేకుండా పిలుస్తున్నారు, ఎక్స్‌పాత్ 1.0 దృష్టిలో అలాంటి ట్యాగు ఆ ఫైలులో లేదు. ఈ ఒక్క కారణానికి ఎంతమంది సాయంత్రాలు పాడయ్యాయో.

ఎక్స్‌ఎంఎల్‌స్టార్‌లెట్‌లో పెద్ద ‘ఎన్’ ఆప్షన్‌తో ఆ చిరునామాకు ఒక చిన్న ముద్దుపేరు పెట్టి, దారిలో ప్రతి ట్యాగుకూ ముందు తగిలించండి. అంత ఓపిక లేకపోతే మూల ట్యాగు నేమ్‌స్పేస్‌కు అది అండర్‌స్కోర్‌ను సిద్ధంగా ఉంచుతుంది. అంటే //గ్రంథం అని రాసే చోట //_:గ్రంథం అంటే చాలు. ఎక్స్‌ఎంఎల్‌లింట్ ఎక్స్‌పాత్ ఆప్షన్‌కు ఈ సౌకర్యం లేదు, ‘లోకల్-నేమ్’ ఫంక్షన్‌తో ఇంటిపేరు వదిలేసి పోల్చాలి. రాసేసరికి వేళ్లు నొప్పి పుడతాయి.

పుస్తకాల_పురుగు_హనుమకొండ

అండర్‌స్కోర్ మంత్రం పారింది. పేర్లన్నీ జలజలా రాలాయి. మీ మేలు మరిచిపోను.

ఏనుమాముల_గుమాస్తా

నా దగ్గర ఇంకా తేలలేదు. ఖరీదుదారు వారీగా అంకెలు వచ్చాయి కానీ, రోజువారీ చిట్టాతో పోల్చితే ఇద్దరికి ఎక్కువ చూపుతోంది, ఒకరికి తక్కువ. తూకం వేసే దడువాయి ఇచ్చిన కాంటా చీటీలు కూడా తిరగేశాను, చిట్టాదే నిజం.

లెక్కల_మాస్టారు_కరీంనగర్

తక్కువకు, ఎక్కువకు కారణాలు వేరై ఉంటాయి. విడివిడిగా వెతకండి.

తక్కువ సంగతి: //సరుకు/రకం విలువలన్నీ ఒక్కో వరుసలో తీసి, సార్ట్ కమాండుకు, ఆపైన ‘సి’ ఆప్షన్ పెట్టిన యునీక్ కమాండుకు పంపండి. ఫైలులో ఎన్ని రకాల రాతలున్నాయో, ఒక్కొక్కటి ఎన్నిసార్లో బయటపడుతుంది.

ఎక్కువ సంగతి: ఎక్స్‌ఎంఎల్‌స్టార్‌లెట్‌లో ‘ఇఎల్’ ఉపకమాండుకు ‘యు’ ఆప్షన్ ఇస్తే ఫైలులోని దారులన్నీ ఒక్కొక్కటి ఒకసారి చూపుతుంది. నిజానికి ఏ ఫైలుతోనైనా మొదట చేయవలసిన పని ఇదే. ఇక్కడ ఎవరూ చెప్పలేదు, నమూనా చూసి అందరూ ఫైలు చూసినట్టే మాట్లాడారు.

ఏనుమాముల_గుమాస్తా

మాస్టారూ, రెండూ చేశాను. రకాల జాబితాలో తేజ రెండుసార్లు వచ్చింది, రెండూ ఒకేలా కనబడుతున్నాయి. వండర్ హాట్ కూడా రెండుసార్లు. దారుల జాబితాలో ఇవి వచ్చాయి:

పట్టీలు/పట్టీ/సరుకు
పట్టీలు/పట్టీ/సరుకు/రకం
పట్టీలు/రద్దు/పట్టీ/సరుకు
పట్టీలు/రద్దు/పట్టీ/సరుకు/రకం

కాజీపేట_జంక్షన్

ఎక్కువ ఎక్కడిదో తెలిసిపోయింది. రద్దయిన పట్టీలను సాఫ్ట్‌వేర్ తీసేయకుండా విడిగా ఒక మూటలో పెట్టింది. రెండు గీతలతో //పట్టీ అంటే ఏ లోతులో ఉన్నా పట్టుకొస్తుంది. దారి మొదటి నుంచి చెప్పండి:

/పట్టీలు/పట్టీ/సరుకు[రకం='తేజ']

రెండు తేజల్లో ఒకదానికి వెనుక ఖాళీ ఉండి ఉంటుంది. బిల్లు కొట్టేటప్పుడు స్పేస్ పడిపోతుంది. ‘నార్మలైజ్-స్పేస్’ ఫంక్షన్‌లో రకాన్ని చుట్టి పోల్చండి, ముందూ వెనుకా ఖాళీలు పోతాయి.

భద్రకాళి_గట్టు

వండర్ హాట్‌కు అది పని చేయకపోవచ్చు. తెలుగు కీబోర్డుల్లో పొల్లు విడిగా నిలవడానికి వెడల్పు లేని ఒక గుర్తు పడుతుంది. ‘వండర్’లో ర్ తర్వాత ఒకరు కొట్టినప్పుడు ఆ గుర్తు పడి, ఇంకొకరు కొట్టినప్పుడు పడలేదు. తర్వాత ఎటూ ఖాళీయే కాబట్టి కంటికి రెండూ ఒకటే, పోలికకు వేర్వేరు. నార్మలైజ్-స్పేస్ దాన్ని ఖాళీ కింద లెక్కపెట్టదు. యూనికోడ్‌లో అది 200సి. పోల్చే ముందే సెడ్‌తో ఫైలంతటా తీసేయండి, లెక్కల పనికి నష్టం లేదు. ముద్రణకు వెళ్లే ఫైలులో మాత్రం తీయకండి, అక్షరాలు అతుక్కుపోతాయి.

ఏనుమాముల_గుమాస్తా

దాదాపు కుదిరింది! ఖ-12కు మాత్రం ఇంకా యాభై పైసలు తేడా. మరో పెద్ద ఖరీదుదారు లెక్క 1.23457ఇ+07 అని వచ్చింది. సేటుకు ఇది ఎలా చూపాలి?

లెక్కల_మాస్టారు_కరీంనగర్

పైసలున్న అంకెను ఆక్ మామూలుగా ఆరు అంకెల దాకానే రాస్తుంది, మిగతా అంకెలను సవరించి దగ్గరి అంకెకు కుదిస్తుంది, మరీ పెద్దదైతే ఇలా ‘ఇ+07’ అని, అంటే పదికి ఏడో ఘాతంతో గుణించమని, రాస్తుంది. కూడిక లోపల సరిగ్గానే ఉంది, రాతలోనే పోయింది. ‘ప్రింట్’ బదులు ‘ప్రింట్‌ఎఫ్’ వాడి దశాంశం తర్వాత రెండు స్థానాలు అడగండి.

ఏనుమాముల_గుమాస్తా

పైసలతో సహా కుదిరింది. అందరికీ చేతులెత్తి దండం. ఇప్పుడు సేటు చపాటాకూ ఇదే లెక్క కావాలంటున్నారు. రకం పేరు మార్చితే చాలు కదా?

లెక్కల_మాస్టారు_కరీంనగర్

చాలు. ముందు ఆ రకాల జాబితా ఒకసారి తీయండి. చపాటా, చపాట, టమాట మిర్చి అని తలా ఒకలా రాసి ఉంటారు.